అతిథులకు ఓవెన్ బంగాళాదుంపలు: అందరూ అడిగే సందేహాలు

విజయవాడ, గుంటూరు వైపు ఇప్పుడు చాలా వంటిళ్ళలో ఓటీజీయో (రాడ్లతో కాల్చే చిన్న కరెంటు ఓవెన్), వేడిగాలితో కాల్చే కన్వెక్షన్ మైక్రోవేవో ఉంటోంది. పిల్లల పుట్టినరోజుకి కేకు చేసినప్పుడు తప్ప దాని మీద కవర్ తీయరు. ఎవరైనా భోజనానికి వస్తున్నారంటే మాత్రం ముందురోజు ఫోను వస్తుంది: "ఓవెన్లో దుంపలు ఎలా చేస్తారండీ?" అడిగేవన్నీ దాదాపు అవే సందేహాలు, అందుకని ఒకచోట రాసి పెట్టాను. ఎక్కడినుంచైనా చదువుకోవచ్చు. కొలత వేరుగా చెప్పనిచోట లెక్క కిలో దుంపలకు అనుకోండి.

## దుంపలు కొనేటప్పుడు

ఏ దుంపలు తీసుకోవాలి? మార్కెట్లో అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి.

పటమట రైతుబజార్లోనైనా, గుంటూరు కొల్లి శారద మార్కెట్లోనైనా దుంప రకం పేరు అడిగితే సరైన జవాబు దొరకడం కష్టం. చేత్తోనే చూసుకోవాలి. గట్టిగా ఉండాలి, నొక్కితే లొంగకూడదు, మొలకలు రాకూడదు. గోటితో గీరితే తొక్క ఇట్టే ఊడి వస్తే అది కొత్త దుంప. ఉత్తరాదిలో పంట తీసే జనవరి నుంచి మార్చి వరకు ఇవి ఎక్కువగా వస్తాయి. కుర్మాకి, పులుసుకి బ్రహ్మాండంగా ఉంటాయి గానీ వీటిలో తడి ఎక్కువ, ఓవెన్లో కరకరలాడడానికి మొరాయిస్తాయి. తొక్క దళసరిగా, గీరితే ఊడకుండా ఉన్న పాత దుంపలో పిండి ఎక్కువ. మనకు కావలసింది అదే. కొత్తవే దొరికితే తొక్క తీయకుండా చేసి, ఓవెన్లో ఇంకో 10 నిమిషాలు ఉంచండి.

అన్నీ సరిగానే చేశాను, కానీ నల్లగా అయ్యాయి, తియ్యగా కూడా ఉన్నాయి. ఎందుకు?

తప్పు మీది కాదు, కోల్డ్ స్టోరేజీది. మనకొచ్చే దుంపల్లో చాలావరకు ఉత్తరప్రదేశ్, బెంగాల్ లాంటి చోట్ల పండి, వేసవి మొదలయ్యేలోపు గిడ్డంగుల్లోకి వెళ్ళి, మిగతా ఏడాదంతా అక్కడినుంచే వస్తాయి. బాగా చల్లగా ఉంచితే దుంపలోని పిండి కొంత చక్కెరగా మారుతుంది. ఆ చక్కెర వేడి తగలగానే నల్లబడుతుంది. అందుకే పిలుపుకి వారం ముందే కొని, గాలి తగిలే చీకటి మూలలో బుట్టలో పెట్టండి. బయటి వేడికి ఆ చక్కెర కొంత తగ్గుతుంది. పచ్చి దుంపల్ని ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టినా ఇదే జరుగుతుంది కాబట్టి ఆ అలవాటు మానేయండి. వారం ఆగే వీలు లేకపోతే ఓవెన్ వేడి 200 నుంచి 190 డిగ్రీలకు తగ్గించి, చివరి 15 నిమిషాలు ఓవెన్ దగ్గరే ఉండండి.

పచ్చరంగు తిరిగిన దుంపని చెక్కేసి వాడొచ్చా?

ఒకచోట చిన్న మచ్చలా ఉంటే దాన్ని లోతుగా కోసి తీసేసి వాడొచ్చు. సగం దుంప పచ్చబడితే, లేదా ముక్క చేదుగా ఉంటే పారేయండి. ఆ పచ్చదనం దగ్గర సొలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది, అది ఓవెన్ వేడికి పోదు. నలుగురికి పెట్టే తిండి దగ్గర పది రూపాయల దుంప కోసం పీనాసితనం వద్దు.

ఎంతమందికి ఎంత చేయాలి?

అన్నం, పప్పు, ఇంకో కూరతో పాటు పెట్టేటట్టయితే మనిషికి 150 గ్రాముల పచ్చి దుంప చాలు. భోజనానికి ముందు చిరుతిండిలా పెడితే 250 గ్రాములు వేసుకోండి. తడి పోయి బాగా తగ్గుతాయి కాబట్టి ఇది ఎక్కువేం కాదు. పిల్లలుంటే వాళ్ళని పెద్దవాళ్ళ కిందే లెక్కకట్టండి. మన దగ్గర "నలుగురం వస్తున్నాం" అంటే ఆరుగురు దిగుతారు. అరకిలో అదనంగా ఉడకబెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకుంటే టెన్షన్ ఉండదు. ఎక్కువమంది రాకపోతే అవి మర్నాడు కూరకి పనికొస్తాయి.

## కోయడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం

తొక్క తీయాలా, ఉంచాలా?

మీ ఇష్టం. పైన కరకరలాడే పెంకు బాగా కట్టాలంటే తీయడం మేలు. ఉంచితే మట్టి పోయేలా పీచుతో రుద్ది కడగాలి. గరుకు తొక్క నోటికి తగిలితే కొందరు పెద్దవాళ్ళు మొహమాటానికి ఏమీ అనకుండా పక్కన పెట్టేస్తారు.

ముక్కలు ఏ సైజులో కోయాలి?

అంగుళం, అంగుళంన్నర. వేపుడు ముక్కల్లా సన్నగా కోస్తే లోపలి మెత్తదనం ఉండదు, అంతా ఎండిపోతుంది. ఏటవాలుగా కోస్తే అంచులు ఎక్కువగా వస్తాయి, కరకరలాడేది అంచులే. ఆకారం ఎలా ఉన్నా ఫర్వాలేదు గానీ సైజు మాత్రం ఒకేలా ఉండాలి.

ముందు ఉడకబెట్టాలా? పచ్చివే నేరుగా ఓవెన్లో పెట్టకూడదా?

పెట్టొచ్చు, తినడానికి బానే ఉంటాయి. కానీ పైపొర పలచగా, కాస్త సాగుతూ వస్తుంది. ముందు ఉడికిస్తే పైన ఉన్న పిండి నీళ్ళు పీల్చుకుని జిగురవుతుంది, ఆ జిగురే ఓవెన్లో ఎండి పెంకు కడుతుంది. ముక్కల్ని చన్నీళ్ళలో వేసి, లీటరుకు 2 టీస్పూన్ల ఉప్పు కలిపి పొయ్యి మీద పెట్టండి. మరగడం మొదలయ్యాక 8 నుంచి 10 నిమిషాలు చాలు. చాకు గుచ్చితే అంచులో సులువుగా దిగి, మధ్యలో కొంచెం పట్టాలి. మరిగే నీళ్ళలో వేస్తే పైన చిదిమిపోతుంది, లోపల పలుకు మిగులుతుంది. ఉప్పు కూడా ఈ నీళ్ళలోనే పడాలి. తర్వాత పైన ఎంత చల్లినా లోపల చప్పగానే ఉంటుంది.

కుక్కర్లో ఒక విజిల్ వేస్తే సరిపోదా?

వద్దు. ఒక విజిల్ ఒక్కో కుక్కర్లో ఒక్కో రకంగా ఉంటుంది. అర నిమిషం తేడాలో దుంప మెత్తగా అయిపోతుంది, మూత తీసి చూసే దారి లేదు. మూత పెట్టని గిన్నే మంచిది.

వంటసోడా వేయమని వీడియోల్లో చెబుతున్నారు. నిజంగా అవసరమా?

అవసరం కాదు గానీ పనిచేస్తుంది. సోడా వేసిన నీళ్ళలో ముక్క అంచుల్ని పట్టి ఉంచే పెక్టిన్ త్వరగా కరుగుతుంది, పైభాగం గరుకుగా రేగుతుంది. 2 లీటర్ల నీళ్ళకు అర టీస్పూను మించకూడదు, మించితే సబ్బు వాసన వేస్తుంది. నిమ్మరసం, వెనిగర్ దీనికి సరిగ్గా వ్యతిరేకం. అవి వేస్తే ముక్క గట్టిగా నిలబడుతుంది. ఎప్పుడూ మరీ చిదిమిపోయే దుంపలైతే సోడా జోలికి పోకండి.

ఎంత ఉడికించినా, ఎంత కాల్చినా మెత్తగానే వస్తున్నాయి. ఏం లోపం?

తడి. ఈ వంటలో వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడివే. ముక్క మీద నీళ్ళున్నంతసేపూ ఓవెన్ వేడంతా ఆ నీళ్ళని ఆవిరి చేయడానికే పోతుంది. పైభాగం 100 డిగ్రీలు దాటదు, రంగు రావాలంటే అంతకంటే చాలా ఎక్కువ వేడి కావాలి. మనవాళ్ళు దుంపలు వార్చి, చిల్లుల గిన్నెలో ఒకసారి దులిపి, వెంటనే నూనె పోసేస్తారు. నూనె కింద తడి అలాగే ఉండిపోతుంది.

వార్చిన ముక్కల్ని అదే వేడి గిన్నెలోకి తిరిగి వేసి, సన్నటి సెగ మీద ఒక నిమిషం అటూ ఇటూ కదపండి. అడుగున నీటి చప్పుడు ఆగిపోతుంది. తర్వాత వెడల్పాటి పళ్ళెంలో ఒక్క వరసగా పరిచి 10 నిమిషాలు ఫ్యాన్ కింద పెట్టండి. ఆవిరి రావడం ఆగి, ముక్క మీద తెల్లగా పొడి పొర కనిపించాలి. వానాకాలంలో, ముఖ్యంగా కృష్ణ ఒడ్డున గాలిలో తేమ ఉన్న రోజుల్లో, ఇంకో 10 నిమిషాలు పడుతుంది. పూర్తిగా ఆరాక గిన్నెలో వేసి మూత పెట్టి నాలుగుసార్లు ఎగరేస్తే అంచులు పిండిపిండిగా రేగుతాయి. ఆ రేగిన పిండే నూనె పట్టుకుని కరకరలాడుతుంది. టైం లేదని ఏదైనా మానేయాల్సి వస్తే మసాలా మానేయండి, ఆరబెట్టడం మాత్రం మానకండి.

## ఓవెన్లో

ఏ నూనె వాడాలి? ఆలివ్ నూనె తప్పనిసరా?

కాదు. మన వేరుశెనగ నూనె దీనికి బాగా నప్పుతుంది, వేడికి తట్టుకుంటుంది, వాసన కూడా దుంపతో కలుస్తుంది. సన్‌ఫ్లవర్ నూనైనా ఇబ్బంది లేదు. నెయ్యి కావాలంటే ఒక చెంచా చివర్లో వేయండి. కిలోకి 4 టేబుల్ స్పూన్లు చాలు. ప్రతి ముక్కకీ అంటాలి, పళ్ళెం అడుగున మడుగు కట్టకూడదు.

ఓటీజీలో ఎంత వేడి, ఎంతసేపు? పైనా కిందా ఉన్న రెండు రాడ్లూ ఆన్ చేయాలా?

రెండూ ఆన్ చేయండి. 200 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఖాళీగా వేడెక్కనివ్వాలి. లైటు వెలగగానే ముక్కలు పెట్టేస్తే లోపలి గోడలింకా చల్లగానే ఉంటాయి. నడిమి అరలో పళ్ళెం పెట్టి మొదటి 20 నిమిషాలు అసలు కదపకండి, అడుగు పెంకు అప్పుడే కడుతుంది. తర్వాత అట్లకాడతో ఒకసారి తిప్పి ఇంకో 20 నుంచి 25 నిమిషాలు. డయల్ మీద రాసిన అంకెకీ లోపలి వేడికీ 20 డిగ్రీల తేడా ఉండడం మామూలే కాబట్టి గడియారం కన్నా రంగుని నమ్మండి. ముదురు బంగారు రంగు రాగానే ఆపండి. నల్లబడేదాకా ఉంచితే రుచీ చెడుతుంది, ఆరోగ్యానికీ మంచిది కాదు. ప్లగ్గు మాత్రం 16 ఆంపియర్ల సాకెట్‌కే పెట్టాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సుకి కాదు.

నా దగ్గర కన్వెక్షన్ మైక్రోవేవ్ ఉంది. దానిలో వస్తాయా?

వస్తాయి, కన్వెక్షన్ మోడ్ ఒక్కటే నొక్కితే. మైక్రో, రెండూ కలిసిన కాంబి మోడ్‌లలో దుంప లోపలినుంచి ఆవిరి కక్కి మెత్తబడుతుంది, పైగా లోహపు పళ్ళెం ఉంటే మెరుపులు వస్తాయి. దాంతోపాటు ఇచ్చిన ఎత్తు స్టాండు మీద గుండ్రటి పళ్ళెం పెట్టి 200 డిగ్రీలు, లేదా అది ఇవ్వగల గరిష్ఠ వేడి పెట్టండి. ఓటీజీ కన్నా 10 నిమిషాలు ఎక్కువ పట్టొచ్చు.

ఎయిర్ ఫ్రయరే ఉంది మరి?

ఇంకా సులువు. కాకపోతే ఒకసారికి అరకిలోకి మించి పట్టదు. 190 డిగ్రీల దగ్గర 20 నుంచి 25 నిమిషాలు, మధ్యలో రెండుసార్లు కుదపండి.

కిలో దుంపలు ఒక పళ్ళెంలో పట్టడం లేదు. కుక్కి పెడితే ఏమవుతుంది?

వేగవు, ఉడుకుతాయి. ముక్కకీ ముక్కకీ మధ్య వేలెడు ఖాళీ లేకపోతే ఒకదాని ఆవిరి ఇంకోదానికి తగులుతుంది. ఇళ్ళలో ఉండే మామూలు ఓటీజీ పళ్ళెంలో అరకిలో, మహా అయితే ముప్పావు కిలో. రెండు వాయలుగా చేయండి. మొదటి వాయ 30 నిమిషాలకే తీసి పక్కన పెట్టి, రెండోది పూర్తిగా కాల్చి, చివరి 10 నిమిషాల్లో రెండూ కలిపి వేడి చేస్తే అన్నీ ఒకేసారి వడ్డించొచ్చు. అప్పటికి తడి పోయి ఉంటుంది కాబట్టి ఆ కాసేపు కొంచెం ఇరుకైనా నష్టం లేదు.

పళ్ళేనికి అంటుకుపోయి పెంకంతా అడుగునే ఉండిపోతోంది.

సిల్వర్ ఫాయిల్ పరిచి ఉంటారు. దానికి దుంప బాగా అతుక్కుంటుంది. ఖాళీ పళ్ళేన్ని నూనెతో సహా ఓవెన్లో 5 నిమిషాలు కాచి, ముక్కల్ని దాని మీద వేస్తే సుయ్యిమని చప్పుడొస్తుంది, అలాగైతే అంటుకోవు. వేడి నూనె కాబట్టి పిల్లల్ని దూరంగా ఉంచండి. బేకింగ్ పేపర్ కూడా వాడొచ్చు, మైనం పూత ఉన్న కాగితం మాత్రం ఓవెన్లో పెట్టకూడదు. ఒకవేళ తిప్పేటప్పుడు ముక్క రాకపోతే బలవంతం చేయొద్దు, ఇంకో 5 నిమిషాలు ఆగితే పెంకు గట్టిపడి అదే వదులుతుంది.

మధ్యలో కరెంటు పోతే?

తలుపు తీయకండి. కాసేపు లోపలి వేడి కాపాడుతుంది. అప్పటికీ రాకపోతే ఇనుప పెనం మీద రెండు చెంచాల నూనె వేసి గ్యాస్ మీద పూర్తి చేయండి. వచ్చినవాళ్ళకి తేడా తెలియదు.

మే నెలలో ఓవెన్ వేయాలంటేనే భయంగా ఉంది.

నిజమే, బయట 45 డిగ్రీలున్న బెజవాడలో వంటింట్లో ఇంకో కొలిమి ఎవరికి కావాలి! ఓటీజీని వెనక వసారాలోకో బాల్కనీలోకో మార్చండి, గోడకి జానెడు దూరంలో. ఉడకబెట్టడం పొద్దున్నే ముగించి, చల్లారాక ముక్కల్ని ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఆ ఎండకి బయట ఉంచితే సాయంత్రానికి పాడైపోతాయి.

## కారం, మసాలా

గుంటూరు కారం ఎప్పుడు వేయాలి? మొదట్లో వేస్తే ఇల్లంతా దగ్గులే.

చివర్లో, ఓవెన్ నుంచి తీశాక. కారం పొడి సన్నగా ఉంటుంది కాబట్టి 200 డిగ్రీల దగ్గర దుంప వేగేలోపే మాడి చేదెక్కుతుంది. దాని ఘాటు గాల్లోకి లేచి హాల్లో కూర్చున్నవాళ్ళ దాకా పోతుంది. ఆసియాలోనే పెద్దదని పేరున్న మిర్చి యార్డు పక్కనే ఉన్న ఊరివాళ్ళం కదా, దగ్గులు అలవాటే అనుకోవచ్చు గానీ వచ్చినవాళ్ళకి అలవాటు ఉండదు.

దుంపలు తీసిన వెంటనే పెద్ద గిన్నెలో వేసి, ఒక చెంచా వేడి నూనెలో కలిపిన కారం పోసి ఎగరేయండి. ఏ మిరపకాయ కారమో కూడా చూసుకోవాలి. తేజ రకం పట్టించినదైతే కిలోకి అర టీస్పూను చాలు. సన్నం రకమైతే ఒక టీస్పూను దాకా వేసినా నిలుస్తుంది. రంగు మాత్రమే కావాలంటే బ్యాడిగి. నా మాట అడిగితే ఉత్త కారం కన్నా వెల్లుల్లి కారం, కరివేపాకు కారం ఈ దుంపలకి బాగా పడతాయి. కందిపొడి చల్లితే ఇంకా బాగుంటుంది, కాకపోతే వడ్డించే నిమిషంలోనే చల్లాలి, ముందు చల్లితే తడి లాగేస్తుంది. పిల్లలకి, కారం తినని అతిథులకి కొన్ని ముక్కలు ముందే తీసి ఉప్పుతో ఉంచండి.

రోజ్‌మేరీ ఎక్కడా దొరకలేదు. లేకపోతే రుచి రాదా?

బాగా వస్తుంది. సూపర్‌మార్కెట్లలో ఎండు రోజ్‌మేరీ సీసాలు ఉంటాయి, కావాలంటే కొనుక్కోండి. నేనైతే అర టీస్పూను వాము నలిపి నూనెలో కలుపుతాను. కరివేపాకు రెబ్బలకి నూనె రాసి చివరి 4 నిమిషాల్లో వేస్తే గలగలలాడతాయి. వెల్లుల్లిని తొక్కతోనే, తిప్పేటప్పుడు వేయండి. ఒలిచి మొదట్లో వేస్తే మాడుతుంది.

కార్తీక మాసం, వచ్చేవాళ్ళు ఉల్లి వెల్లుల్లి తినరు. ఎలా?

ఈ వంటకి అవేం ముఖ్యం కాదు. మిరియాల పొడి, వేయించిన జీలకర్ర పొడి, చిటికెడు ఇంగువ, దించాక నిమ్మరసం. ఉపవాసం ఉన్నవాళ్ళైతే ఉప్పు సంగతి ముందే అడగండి, కొందరు సైంధవ లవణమే వాడతారు. జైన మిత్రులు వస్తుంటే మాత్రం దుంపలే పెట్టకండి, నేల కింద పండేవి వాళ్ళు తినరు. అదే పద్ధతిలో అరటికాయ ముక్కలు చేయొచ్చు. వాటిని 5 నిమిషాలకి మించి ఉడికించొద్దు.

## వడ్డించేటప్పుడు

ఏడింటికి వస్తామన్నారు. ఎన్నింటికి మొదలుపెట్టాలి?

ఏడంటే ఎనిమిదిన్నర అని మీకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు. వారధి మీద ట్రాఫిక్ దొరికితే తొమ్మిది. గుంటూరు నుంచి బెజవాడ వచ్చేవాళ్ళైనా, ఇటునుంచి అటు వెళ్ళేవాళ్ళైనా ఇదే కథ. కాబట్టి పనిని రెండు ముక్కలు చేయండి. ఉడకబెట్టడం, ఆరబెట్టడం మధ్యాహ్నమే ముగించి, ముక్కల్ని మూత లేకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ గాలికి ఇంకా ఆరతాయి, అది మనకి లాభమే. వాళ్ళు "బయల్దేరాం" అని ఫోను చేశాక ఓవెన్ ఆన్ చేయండి. వచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కబుర్లలో పడేసరికి దుంపలు బంగారు రంగుకి వస్తాయి. భోజనానికి ముందు అందరూ వంటింట్లోకి తొంగి చూసేది కూడా ఆ వాసనకే.

హాట్‌ప్యాక్‌లో పెట్టాను, పది నిమిషాలకే మెత్తబడ్డాయి.

మూత పెడితే ఆవిరికి దారి ఉండదు, అదంతా పెంకులోకే తిరిగి దిగుతుంది. వెడల్పాటి పళ్ళెంలో పరిచి మూత లేకుండా పెట్టండి. ఆలస్యమయ్యేట్టుంటే ఓవెన్ ఆపి, తలుపు కొద్దిగా తెరిచి దుంపల్ని లోపలే ఉంచండి. అరగంట దాకా బాగుంటాయి.

వీటిని దేనితో పెట్టాలి? అన్నంలోకి బాగుంటాయా?

ముద్దపప్పు, నెయ్యి, పక్కన ఇవి ఉంటే వేపుడు లేదని ఎవరూ అడగరు. పప్పుచారుతో కూడా అంతే. కలుపుకునే కూరలా మాత్రం పెట్టకండి, రసం లేని పెద్ద ముక్కలు అన్నంతో కలవవు. భోజనానికి ముందు విడిగా పెడితే, గిలక్కొట్టిన గట్టి పెరుగులో చెంచాడు గోంగూర పచ్చడి కలిపి పక్కన ఉంచండి. టమాటా సాస్ సీసా పిల్లలు ఎలాగూ తెచ్చుకుంటారు.

ఇంట్లో పెద్దవాళ్ళున్నారు. గట్టిగా ఉంటాయేమో?

వాళ్ళకోసం కొన్ని ముక్కలు 10 నిమిషాలు ముందే తీయండి. పైన లేత రంగు, లోపల వెన్న. షుగర్ ఉన్నవాళ్ళకైతే నాలుగు ముక్కలు పెట్టి, ఆ మేరకు అన్నం తగ్గించమని చెప్పండి.

మిగిలితే మర్నాడు ఏం చేయాలి?

సాధారణంగా మిగలవు. మిగిలితే రెండు గంటల్లోపు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లోకి చేర్చండి. మర్నాడు ఓవెన్లో 200 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు, లేదా పెనం మీద సన్నటి సెగన వేడి చేస్తే పెంకు కొంత తిరిగొస్తుంది. మైక్రోవేవ్‌లో పెడితే రబ్బరవుతాయి. కారం వేయనివైతే చేత్తో చిదిపి, ఆవాలు, మినప్పప్పు, పచ్చిమిర్చి, ఉల్లిపాయతో పోపు పెట్టి అట్ల మధ్యలోకి కూర చేసుకోండి. వేగిన అంచులు అక్కడక్కడా తగులుతూ మామూలు మసాలా కన్నా బాగుంటుంది. అంతకుమించి ఇంకో రోజుకి దాచకండి.